ఎల్క్ వేటకి రమ్మంటున్న అల్లుడు

ప్రశ్న: అమెరికాలోని డెన్వర్‌లో ఉండే మా అల్లుడు సెప్టెంబరులో గైడ్‌తో కొలరాడో కొండల్లోకి ఎల్క్ (అక్కడి పెద్ద జాతి జింక) వేటకి వెళ్తున్నాడు. నన్నూ తోడు రమ్మంటున్నాడు. నాకు 58 ఏళ్లు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెళ్లండి. మన దేశంలో 1972 చట్టం వేటని నిషేధించింది కానీ, అక్కడ లైసెన్సు ఉంటే తప్పు కాదు. ఆ కాగితాల సంగతి మీ అల్లుడు చూసుకుంటాడు.

నా టెన్షన్ అంతా ఎత్తు గురించే. గుంటూరు ఎత్తు సుమారు వంద అడుగులు. ఎల్క్‌లు తిరిగేది ఎనిమిది, పది వేల అడుగుల మీద. నేను ఇలాగే తోడు వెళ్లినప్పుడు రెండో రోజుకే తల పగిలిపోతున్నట్టయింది, అన్నం సయించలేదు. గైడ్ వెంటనే కిందికి దింపేశాడు. అందుకే డెన్వర్‌లో రెండు మూడు రోజులు ఆగి, నీళ్లు బాగా తాగి పైకెక్కండి. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే. ఇప్పట్నుంచే వారానికోసారి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కండి.

సెప్టెంబరు ఎల్క్‌లు జత కట్టే కాలం. తెల్లవారుజామున, మంచులో, మూడు వందల కిలోల మగ ఎల్క్ సన్నగా ఈల వేసినట్టు కూస్తుంది. గైడ్ ఆడ ఎల్క్‌లా కూస్తే జవాబిస్తూ దగ్గరికొస్తుంది. ఊపిరి ఆవిరై కనిపించేంత దగ్గరికి! నేను కెమెరా ఎత్తడమే మర్చిపోయాను.