పూత వేళకు ముదిరే ఎండ: విత్తనంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. నిరుడు యాసంగిలో నార్లు ఆలస్యంగా పోసుకున్నాము. మార్చి ఆఖరున ఈనిన వరిలో సగానికి సగం తాలు పోయింది. దుకాణంలో ‘ఎండకు తట్టుకునే విత్తనం’ అని ఒక సంచి చూపిస్తున్నారు. అటువంటి గుణం విత్తనంలో నిజంగా ఉంటుందా? అదే పొలంలో కొన్ని కుదుళ్లు మాత్రం గట్టి గింజతో నిలిచాయి. వాటినే విత్తనంగా దాచుకుంటే సరిపోదా?
– ఒక వరి రైతు

జవాబు: ఆ గుణం ఉంటుంది. అయితే ఆ సంచి అమ్మేవారిని ‘ఏ దశలో, ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుంది?’ అని అడగండి. జవాబు రాకపోతే ఆ మాటకు విలువ లేదనుకోవచ్చు. ఎందుకంటే నారు నుంచి కోత దాకా వరికి ఎండ ఒకే తీరుగా తగలదు. పిలకలు వేసే రోజుల్లో ఎండ కాస్త ముదిరినా పైరు కోలుకుంటుంది. పూత విచ్చుకున్న వేళ 35 డిగ్రీలు దాటితే మాత్రం ఆ గింజకు మరో అవకాశం ఉండదు. వరి పువ్వు సాధారణంగా ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య విచ్చుకొని, సుమారు ఒక గంటలో మూసుకుంటుంది. ఆ గంటలోనే పుప్పొడి తిత్తులు పగలాలి, పొడి కీలాగ్రంపై, అంటే పువ్వులోని ఆడ భాగం కొనపై, రాలాలి, మొలకెత్తి లోపలికి దిగాలి. వేడికి తిత్తులు సరిగా పగలవు, రాలిన కొద్దిపాటి పొడి మొలకెత్తదు. పొట్టు మాత్రం యథాప్రకారం ఎదిగి ఖాళీగా మిగిలిపోతుంది. మీరు చూసిన తాలు అదే. పువ్వులోని ఆడ భాగం పుప్పొడి కంటే గట్టిది. ముందుగా దెబ్బతినేది పుప్పొడి. ఈనడానికి సుమారు పది రోజుల ముందు, పొట్టలో పుప్పొడి తయారవుతున్నప్పుడు కూడా ఇటువంటి సున్నితమైన దశ ఒకటి ఉంది.

ఈ గండాన్ని మొక్క రెండు దారుల్లో దాటగలదు. మొదటిది నిజమైన ఓర్పు. ఉత్తరప్రదేశ్‌లోని నగీనాలో ఎంపికైన నగీనా 22 అనే పాత రకం పూత వేళ వేడిలోనూ పుప్పొడిని రాల్చి గింజ కట్టగలుగుతుంది కనుక, ప్రపంచమంతటా పరిశోధకులు వేడి పరీక్షల్లో దానినే కొలబద్దగా పెట్టుకుంటారు. రెండవది తప్పించుకోవడం. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి మూడవ క్రోమోజోమ్‌పై (జన్యువులు వరుసగా ఉండే పోగుపై) ఉన్న ఒక భాగాన్ని ఐ.ఆర్. 64 రకంలోకి తెచ్చినప్పుడు, ఆ మొక్క గంటన్నర, రెండు గంటల ముందే, అంటే ఎండ ఇంకా ఎక్కక మునుపే పూయసాగింది. ఈ రెండవ దారి నాకు మరీ ముచ్చటగా తోస్తుంది. ఎండతో కలబడకుండా, అది వచ్చేలోపే పని ముగించుకొని తలుపు వేసుకోవడం పల్లెలో మనమందరం చేసే పనే కదా!

మొదటి దారిలో చిక్కు ఏమిటంటే, ఆ ఓర్పు ఒక్క జన్యువు చేతిలో లేదు. నగీనా 22ను ఐ.ఆర్. 64తో సంకరపరచి, వాటి సంతతిలో వెతికినప్పుడు నాలుగవ క్రోమోజోమ్‌పై దొరికిన ముఖ్యమైన స్థానం సైతం మొక్కకూ మొక్కకూ మధ్య కనిపించిన తేడాలో ఐదవ వంతును కూడా వివరించలేకపోయింది. మిగిలినది చిన్న చిన్న జన్యువులదీ, నేలదీ, గాలిదీ. మన యాసంగి పొలాలకు బాగా తెలిసిన ఎం.టి.యు. 1010కి ఐ.ఆర్. 64 ఒక జనక రకం కాబట్టి ఈ పరీక్షలు మనకు దూరపు కబుర్లేమీ కావు. అలాగని ఒక రకంలోని ఓర్పును దిగుబడి, గింజ నాణ్యత, పంట కాలం చెడకుండా మరో రకంలోకి దింపడం ఒకటి రెండు పంటల పని కాదు.

ఇక మీ కుదుళ్ల సంగతి. ఒకే రకం శుద్ధమైన విత్తనంతో నాటిన మడిలో మొక్కలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకటే, వరి తన పుప్పొడితోనే గింజ కట్టుకునే పంట గనుక. డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ యోహాన్సన్ 1903లో చిక్కుడు జాతి గింజలతో చూపినది ఇదే: ఒకే శుద్ధ వంశంలో పెద్ద గింజలను ఏరి విత్తినా, చిన్న గింజలను ఏరి విత్తినా వాటి సంతతి సగటు పరిమాణం మారదు. ‘జీన్’ (జన్యువు) అనే మాటను 1909లో ప్రవేశపెట్టినది కూడా ఆయనే. కనుక ఆ కుదుళ్లు కాలువ గట్టు పక్కన నీరు ఆరని చోట ఉన్నాయా, వేపచెట్టు నీడలో ఉన్నాయా, లేక మిగతా మడి కంటే నాలుగు రోజులు ముందుగానో వెనుకగానో ఈనాయా అని గుర్తు చేసుకోండి. వీటిలో ఏది నిజమైనా గింజ కట్టించినది చోటూ వేళే తప్ప రక్తం కాదు. నీటి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పొడి గాలిలో నీరున్న మడి ఆవిరి వదులుతూ వెన్నును బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంచుకోగలదు. పూత వారంలో మడి ఆరితే ఆ రక్షణ పోతుంది. అయితే మీ విత్తనంలో కల్తీ ఉండి, ఆ కుదుళ్లు ఎత్తులోనో గింజ ఆకారంలోనో వేరుగా కనిపించి ఉంటే మాత్రం వాటి వెన్నులను విడివిడిగా దాచి, ఒక్కొక్క వెన్ను గింజలను ఒక్కొక్క వరుసలో నాటి చూడవచ్చు. ఆ పరీక్ష కూడా రెండు మూడు యాసంగులు, అదే ఎండలో జరగాలి.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నది తేదీ. 125 రోజుల రకం కోతకు సుమారు నెల ముందు పూస్తుంది, అంటే విత్తనం పోసిన 95 రోజులకు. నవంబరు 20న నారు పోస్తే పూత ఫిబ్రవరి 23 ప్రాంతంలో పడుతుంది. డిసెంబరు 25న పోస్తే మార్చి 30కి. చలికి నారు ఎదగకపోతే మరికొన్ని రోజులు కలుపుకోవాలి. నల్లగొండ ఎండను ఎరిగినవారికి ఈ రెండు తేదీల మధ్య తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: వేడికి పనిచేసే ఒక జన్యువును కనిపెట్టి అన్ని పంటల్లో పెట్టేస్తే సమస్య తీరదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: వేడి తగలగానే జీవకణం ప్రత్యేకమైన జన్యువులను మేల్కొల్పుతుందని 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రితోస్సా పండు ఈగల్లో గమనించాడు. ఆ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు మెలి తప్పిన ఇతర ప్రోటీన్లను సరిదిద్దుతాయి. అవి మొక్కల్లోనూ ఉన్నాయి, ప్రతి పంటలోనూ ఉన్నాయి. కొత్తగా పెట్టవలసినవి కావు. తేడా అంతా ఎంత త్వరగా, ఎంత మోతాదులో, ఏ భాగంలో మేల్కొంటాయన్న దానిలో ఉంది. ఒక్క జన్యువు గట్టి ఫలితమిచ్చిన సందర్భం లేకపోలేదు. ఆఫ్రికా వరి నుంచి గుర్తించి 2015లో ప్రకటించిన టి.టి.1 అనే జన్యువు, పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ అనే కణయంత్రంలో ఒక భాగాన్ని తయారుచేస్తుంది. ఆఫ్రికా వరి రూపం ఆ చెత్తను వేడిలో మరింత చురుకుగా తొలగిస్తుంది. అయినా కణంలో చెత్త ఎత్తడం వేరు, ఉదయం పదింటికి పుప్పొడి తిత్తి పగలడం వేరు. మొదటిది బాగుంటే రెండవది తనంతట బాగుపడుతుందని చెప్పలేము. పైగా ఈ రక్షక ప్రోటీన్ల తయారీకి మొక్క తన శక్తినే ఖర్చు పెట్టాలి. ఎండ లేని రోజున కూడా అవి తయారవుతుంటే ఆ మేరకు ఎదుగుదలకు కోత పడవచ్చు.

ప్రశ్న: మా వనపర్తి వైపు యాసంగి పల్లీని ఫిబ్రవరిలో తీసి, మళ్లీ వానలు తగ్గాక విత్తేదాకా రేకుల షెడ్డులోనే ఉంచుతాము. అంత వేడిని ఓర్చిన గింజ పొలంలోనూ ఎండకు ఓరుస్తుందని పెద్దవారు అంటారు. నిజమేనా?
– ఒక మహిళా రైతు

జవాబు: నిజం కాదు. ఎండిన గింజకు ఓర్పు ఎక్కువన్న మాట సరైనదే. ఆరే వేళ గింజ తనలో కొన్ని చక్కెరలను, రక్షక ప్రోటీన్లను పోగుచేసుకుంటుంది కాబట్టి మొలకను చంపే వేడిని కూడా అది భరిస్తుంది. కాని మొలకెత్తాక ఆ కవచం కరిగిపోతుంది. ఎదిగే మొక్కకు మోస్తరు వేడి చూపిస్తే పెద్ద వేడికి సిద్ధమయ్యే మాట నిజమే అయినా, ఆ సిద్ధపాటు కొన్నాళ్లే నిలుస్తుంది. షెడ్డులోని గింజ ఓర్పు నేర్చుకోవడం లేదు, ఆయుష్షును ఖర్చు చేసుకుంటోంది. విత్తన నిల్వలో ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ చోటు 5 డిగ్రీలు చల్లబడితే మళ్లీ రెట్టింపు. తలకిందులు చేసి చూస్తే రేకుల కింద ఏప్రిల్, మే నెలల్లో ఏం జరుగుతున్నదో తెలుస్తుంది. అందులోనూ పల్లీ నూనె గింజ. వేడికి నూనె చెడి మొలక శక్తి త్వరగా పడిపోతుంది. కాయలను 9 శాతం తేమకు ఆరబెట్టి, ఒలవకుండా కాయగానే గోనె సంచుల్లో నింపి, పెంకుటింట్లోనో చెట్టు నీడ పడే గదిలోనో చెక్కల మీద పేర్చండి. విత్తడానికి పక్షం రోజుల ముందు నూరు గింజలను తడి గోనెలో చుట్టి మొలక చూడండి. 70 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనాన్ని నమ్ముకోకుండా వేరేది చూసుకోవడం మంచిది.