పేపర్లు పెట్టినవాణ్ణి ఆపకు, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం విజయనగరం వచ్చినప్పుడు నీ మొహం చూసి మీ అత్తకి అన్నం సయించలేదు. ఎనిమిదిమంది సాఫ్ట్‌వేర్ టీములో నాలుగు నెలల్లో ముగ్గురు రాజీనామా పేపర్లు పెట్టారనీ, ఇద్దరు వెళ్ళిపోయారనీ, మూడో అబ్బాయికి ఇంకా మూడు వారాలే ఉందనీ చెప్పావు. "ఎలా ఆపాలి మామయ్యా?" అని అడిగావు. బస్సు టైమైపోతోందని అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. 27 ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ఆపకమ్మా. పెళ్ళి కుదిరిందని ఒకరు, జీతం ఎక్కువిస్తున్నారని ఒకరు, అమ్మానాన్నల దగ్గరుండాలని ఒకరు వెళ్తూనే ఉంటారు. మన జిల్లాలవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, సంచులతో రైలు కోసం నిలబడ్డ కుర్రాళ్ళని చూస్తూనే పెరిగాం. నీ చేతిలో ఉన్నదల్లా అతను వెళ్ళిన మర్నాడు పని ఆగకుండా చూసుకోవడమే.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. నేను కొత్తగా టీము లీడ్ అయినప్పుడు బిల్లింగ్ మొత్తం ఒక్క అబ్బాయే చూసేవాడు. మంచి పనివాడు, అందుకే అన్నీ అతనికే ఇచ్చేవాణ్ణి. మానేస్తున్నానని చెప్పాక ఆఖరి రెండు వారాలు కూర్చోబెట్టి 40 పేజీల కేటీ డాక్యుమెంట్, అంటే తన పనంతా ఇంకొకరికి అప్పజెప్పే కాగితం, రాయించాను. నెలాఖరు రాత్రి బిల్లులు మొదలైన పది నిమిషాల్లోనే ఆగిపోయాయి. ఆ 40 పేజీలూ తిరగేశాం. తెల్లవారుజామున నాలుగింటికి అతనికే ఫోన్ చేస్తే, నిద్రమత్తులోనే "ఫైల్లో నెల మార్చారా సార్?" అన్నాడు. ప్రతి నెలా బిల్లుల ప్రోగ్రాం నడిపేముందు సెట్టింగులుండే ఒక కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, పాత నెల చెరిపి కొత్త నెల రాసేవాడట. దాచాలని కాదు. చేతికి అలవాటైపోయి, అది కూడా చెప్పాల్సిన సంగతేనని అతనికి తోచలేదు.

అప్పుడు నాకు పొందూరులో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకేది. గట్టిగా లాగితే పోగు తెగుతుంది, మరీ మెల్లగా లాగితే చెత్త ఉండిపోతుంది. ఎంత గట్టిగా లాగాలో అమ్మమ్మ ఎప్పుడూ నోటితో చెప్పలేదు. మా అమ్మ చేతికి దవడ ఇచ్చి పక్కన కూర్చునేది, తప్పు లాగినప్పుడల్లా మోచేతి మీద మెల్లగా తట్టేది. అంతే నేర్పడం.

నీ మూడో అబ్బాయి విషయంలోనూ ఇదే చెయ్యి. ఈ మూడు వారాలూ అతనికి కొత్త స్టోరీలు, అంటే కొత్త పని ముక్కలు, ఒక్కటి కూడా ఇవ్వకు. అతని పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టు, కీబోర్డు ఆ ఇంకొకరి చేతిలో ఉండాలి. అతను చూడాలి, తప్పు జరిగినప్పుడు మాత్రమే మాట్లాడాలి. డాక్యుమెంట్ రాసేది కూడా నేర్చుకునేవాళ్ళే అయితే మంచిది. ఎక్కడ తడబడతామో వాళ్ళకే తెలుస్తుంది. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని, చిన్న చిన్న విడతల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎజైల్ పద్ధతి గురించి ప్రకటన రాసినప్పుడు, పెద్ద పెద్ద డాక్యుమెంట్లకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే విలువెక్కువ అన్నారు. డాక్యుమెంట్లు అక్కర్లేదని అనలేదు. చాలామంది దాన్ని అలా చదివేసుకున్నారు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇక మిగతావాళ్ళ సంగతి. ఒక కాగితం మీద మీ ప్రాజెక్టులో ఉన్న భాగాలన్నీ వరసగా రాయి. ఒక్కోదాని ఎదురుగా, అది తెలిసినవాళ్ళ పేర్లు రాయి. ఒక్క పేరే ఉన్నచోట ఎర్ర సిరాతో గీత గియ్యి. ప్రతి స్ప్రింట్‌లో, అంటే ఒక్కో పని విడతలో, ఎర్ర గీత ఉన్న భాగంలోంచి ఒక స్టోరీ తీసి, అది తెలియనివాళ్ళకి ఇవ్వు, తెలిసినవాణ్ణి జతగా పెట్టు. పని నెమ్మదిస్తుంది. ఆ సంగతి, ఏ పని ముందు కావాలో చెప్పే మీ ప్రొడక్ట్ ఓనర్‌కి స్ప్రింట్ మొదట్లోనే చెప్పెయ్యి, చివర్లో చెబితే సాకులా వినిపిస్తుంది.

మీ మేనేజరు నెలలో ముగ్గురు కొత్తవాళ్ళని తెస్తానన్నాడు కదా. ఒకేసారి వద్దని చెప్పు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్ళకి నేర్పేది పాతవాళ్ళే కదా, వాళ్ళ పని అక్కడే ఆగుతుంది. పైగా ఐదుగురి మధ్య మాట్లాడుకునే జతలు 10, ఎనిమిదిమందైతే 28. ఒక్కరు కుదురుకున్నాక ఇంకొకరిని తీసుకో. వచ్చినవాళ్ళకి మొదటి వారంలోనే ఒక చిన్న బగ్ ఇచ్చి, అది ప్రొడక్షన్‌కి, అంటే నిజంగా వాడేవాళ్ళ దగ్గరికి, వెళ్ళేదాకా వాళ్ళ చేతే చేయించు. ఎనిమిదిమంది ఉన్నప్పటి వెలాసిటీ, అంటే ఒక స్ప్రింట్‌లో టీము పూర్తిచేసే పని లెక్క, చూపించి తేదీలు ఇవ్వకు. ఆ టీము ఇప్పుడు లేదు. రెండు మూడు స్ప్రింట్లు నడిచాక కొత్త లెక్క వేసుకో.

అన్నిటికన్నా నాకు టెన్షన్ నీ దగ్గర ఉండిపోయిన ఐదుగురి గురించే. ఒకరు వెళ్తే అతని పని ఉన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ బరువుకి రెండోవాడు వెళ్తాడు, ఇద్దరి బరువుకి మూడోవాడు. నీ టీములో జరిగింది ఇదేనేమో ఒక్కసారి చూసుకో. స్ప్రింట్‌లో ఒప్పుకునే పని ముందు తగ్గించు, అది నీ మేనేజరుతో గొడవైనా సరే. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా టీకి తీసుకెళ్ళు. "నువ్వు కూడా వెళ్తున్నావా?" అని మాత్రం అడగకు. "ఏ పని చేస్తూ విసుగొస్తోంది?" అని అడుగు. జీతం నీ చేతిలో లేదు. కానీ రాత్రి పదకొండింటి కాల్స్ ఎప్పుడూ ఒక్కరికే పడుతున్నాయా, డెమోలో పని చేసినవాళ్ళ బదులు నువ్వే మాట్లాడుతున్నావా, ఒక అమ్మాయి ఏడాదిగా పాత బగ్గులే సర్దుతోందా, ఇవన్నీ నీ చేతిలోవే. విన్నవాటిలో ఒక్కటైనా ఆ వారంలోనే మార్చు, లేకపోతే మళ్ళీసారి ఎవరూ నోరు విప్పరు.

వెళ్ళేవాడితో మాటలు తగ్గించకు. పేపర్లు పెట్టిన రోజునుంచి స్టాండప్‌లో, అంటే రోజువారీ చిన్న మీటింగులో, అతన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నేను చాలా చోట్ల చూశాను. మిగతావాళ్ళు అది గమనిస్తారు, రేపు తమకీ ఇంతేనని అనుకుంటారు. అలాంటప్పుడు ముందుగా చెప్పడం మానేసి, ఆఖరి రోజుదాకా దాచుకుంటారు.

వచ్చే బుధవారం కొత్త వెర్షన్ రిలీజ్ అన్నావు. అది ఆ అబ్బాయి చెయ్యకుండా, అతని పక్కన నువ్వు కూర్చోబెట్టినవాళ్ళ చేత చేయించు. మధ్యలో ఆగితే ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. దసరా వెళ్ళాక మంగళవారం పైడితల్లమ్మ సిరిమానుకి ఎలాగూ వస్తావు. ఆ ఎర్ర సిరా కాగితం తీసుకురా, కలిసి చూద్దాం. వెళ్ళిపోయిన ఇద్దరినీ ఈ అబ్బాయినీ కూడా ఆ రోజు మనింటికి భోజనానికి పిలువు. మీ అత్త వంట సంగతి చూసుకుంటానంది.

మీ మామయ్య