ఇంజిన్ బోరుకొచ్చింది, అప్పు ఎక్కడ తేవాలి?

ప్రశ్న: సర్, మాది తెనాలి. 2016 మోడల్ బొలెరో పికప్ వ్యాను ఉంది, నేనే నడుపుతాను. యార్డు నుంచి నిమ్మకాయల లోడు విజయవాడ, ఏలూరు వేస్తుంటాను. డీజిల్, టోల్ పోను నెలకు 24 వేలు మిగులుతాయి. పోయిన నెల టెంపరేచర్ ముల్లు పైకి లేచినా, లోడు దించేద్దామని అలాగే తోలాను. ఇప్పుడు ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయి అంటున్నారు. నా ఇంజినే విప్పి చేయిస్తే 1,20,000 రూపాయలు, పన్నెండు రోజులు. ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ బిగించి ఇస్తే 75,000, మూడు రోజులు. చేతిలో డబ్బు లేదు. అమ్మాయి బీటెక్ ఫీజుకని లక్షన్నర ఎఫ్‌డీ, మా ఆవిడవి ఎనిమిది కాసుల బంగారం ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలది, ఆరో నెల నడుస్తోంది. బండి మీద నూటికి రూపాయిన్నర వడ్డీకి ఇస్తామని ఒక ఫైనాన్స్ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నిండా రెండు ఇంజిన్ల మధ్య 45 వేల తేడా గురించే ఉంది. ఫైనాన్స్ సంగతి చివర ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మాత్రం ఆ ముక్క దగ్గరే టెన్షన్ పట్టుకుంది. అందుకే ముందు దాని లెక్క చూద్దాం.

నూటికి రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి బండి ఫైనాన్సుల్లో వడ్డీ సాధారణంగా మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేస్తారు. లక్షా ఇరవై వేలకు నెలకు 1,800 వడ్డీ, రెండేళ్లకు 43,200. అసలు 5,000 కలిపితే నెలకు 6,800 కిస్తీ. 24వ నెలకు వచ్చేసరికి మీరు బాకీ ఉన్న అసలు అయిదు వేలే. ఆ అయిదు వేలకూ ఆ నెల 1,800 వడ్డీ కడతారు! తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 31 శాతం పైమాటే. డాక్యుమెంట్ ఛార్జీలు అదనం.

అదే డబ్బు బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. వడ్డీ 10 శాతం అనుకుని, అదే 6,800 చొప్పున కడుతూ పోతే ఇరవయ్యో నెలలో అప్పు తీరిపోతుంది. మొత్తం వడ్డీ 10,500 లోపే. అంటే దాదాపు 33 వేలు మిగులు. ఎనిమిది కాసులూ పెట్టక్కర్లేదు. ఇప్పుడున్న ధరల్లో మూడు కాసులు చాలు. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి కాకుండా నెలనెలా అసలు కూడా తగ్గే ఈఎంఐ పద్ధతి అడగండి. నగలు పెట్టాలంటే మీ ఆవిడ మనసు ఒప్పుకోకపోవచ్చు. ఈ లెక్క కాగితం మీద వేసి ఆమె ముందు పెట్టండి. ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, ఫీజు గడువు మీ బండి కోసం ఆగదు.

ఇక ఇంజిన్. బండి ఆగిన ప్రతి రోజుకూ మీకు 800 నష్టం. అది కలిపితే సొంత ఇంజిన్ ఖర్చు 1,29,600, సెకండ్ హ్యాండ్‌ది 77,400. బోరు చేయించినది మూడేళ్లు తిరిగిందనుకుంటే నెలకు 3,600 పడుతుంది. ఆ లెక్కన సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఇరవై రెండు నెలలు తిరిగితేనే రెండూ సమానం. తిరగొచ్చు కూడా. కాకపోతే అది ఎవరి బండిలో ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిందో మీకు తెలియదు. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో అంది, 2018లో సుప్రీంకోర్టూ దాన్నే సమర్థించింది. దాంతో 'ఢిల్లీ బండిది సార్, తక్కువ తిరిగింది' అన్న మాట అమ్మేవాళ్లకు బాగా అక్కరకొస్తోంది. నేనూ ఒకసారి పాత కారుకు అలాంటి మాట నమ్మి ఇంజిన్ వేయించాను. నాలుగో నెలలో ఆయిల్ మూత తీస్తే గుప్పుమని పొగ కొట్టింది.

నేను సొంత ఇంజిన్ వైపే మొగ్గడానికి ఇంకో కారణం ఇంజిన్ నంబరు. అది ఇంజిన్ బ్లాక్ మీద, అంటే సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ మీద కొట్టి ఉంటుంది. మీ బ్లాకే బోరు చేసి (సిలిండర్లను లోపల కాస్త వెడల్పుగా చెక్కి) ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వేస్తే నంబరు మారదు, ఆర్‌సీతో పని లేదు. వేరే ఇంజిన్ పెడితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. అలా తీసుకోకుండా మార్చితే 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండి మీది, ఫిట్‌నెస్‌కు ఏటా వెళ్లాల్సిందే. అక్కడ నంబరు కలవకపోతే బండి ఆగుతుంది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చూసేదీ ఆ నంబరే. ఆ ఇంజిన్ దొంగ బండిదైతే ఇక చెప్పేదేముంది. అన్నట్టు, అరిగిపోయిన ఇంజిన్‌కు మామూలు పాలసీలో ఏమీ రాదు.

ఒక్క షరతు. విప్పాక బ్లాక్ పగిలి ఉందని తేలితే ఈ లెక్క మొత్తం మారుతుంది. అందుకే విప్పి, కొలతలు తీసి, మీకు చూపించేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. సామానుకు సరిపడా అడ్వాన్స్ చాలు. మార్చిన పాత పిస్టన్లు, బేరింగులు తిరిగి ఇమ్మనండి. గ్యారంటీ ఎన్ని నెలలో, ఎన్ని కిలోమీటర్లో బిల్లు మీద రాయించుకోండి. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ సంగతి ఆ 1,20,000లో ఉందా లేదా అడగండి. ముల్లు ఎందుకు లేచిందో తేల్చకుండా ఇంజిన్ చేయిస్తే మళ్లీ అదే కథ.

చీటీ ఇప్పుడు పాడుకోవద్దు. లక్ష చీటీ ఆరో నెలలో పాడితే చాలా వదులుకోవాలి, వచ్చింది ఇంజిన్‌కూ సరిపోదు. చివరిదాకా ఉంచితే, పద్నాలుగు నెలలకు అది మీ చేతికొచ్చేనాటికి బంగారం అప్పులో 35 వేల లోపే మిగిలి ఉంటుంది. ఆ రోజే బ్యాంకుకెళ్లి నగలు విడిపించుకోవచ్చు.