గోడ మీద మాట

పాతికేళ్లు బోర్డులు రాసి, ఇప్పుడు బ్రష్ పక్కన పెట్టిన ఆర్టిస్టు పాఠకులకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద ఎవరు పడితే వాళ్లు కాగితాలు అంటించి పోతున్నారు. ‘స్టిక్ నో బిల్స్’ అన్నది తెలుగులో రాయిద్దామంటే కమిటీలో గొడవ. ‘బిల్లులు అంటించరాదు’ అని ఒకరు, ‘ప్రకటనలు నిషేధం’ అని ఇంకొకరు. ఏది సరైనది?

జవాబు: రెండూ వద్దండీ. బిల్లు అనగానే మనకు కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు పోస్టర్ అనే పాత అర్థం ఉంది. హ్యాండ్‌బిల్, బిల్‌బోర్డ్ అందులోంచి వచ్చినవే. మన బిల్లుకు ఆ అర్థం రాలేదు. కొత్తలో నేనూ ఒక గోడ మీద ‘బిల్లులు అంటించరాదు’ అనే రాశాను. ఎనామిల్ ఆరకముందే ఒక పెద్దాయన ఆగి, “ఏ బిల్లులు బాబూ, కట్టినవా, కట్టనివా?” అన్నాడు. సుద్ద పూసిన దారం లాగి కొట్టి, మళ్లీ గీతలు వేసుకుని రాయాల్సి వచ్చింది. రంగు ఖర్చు నాదే.

ఇక ‘ప్రకటన’. మంత్రిగారు చేసేది ప్రకటన, సబ్బుల కంపెనీ ఇచ్చేది ప్రకటన, సంతాపం తెలిపేదీ ప్రకటనే. ఇన్ని పనులు చేసే మాటను గోడ మీద ఒంటరిగా వదిలితే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు. పైగా దేన్ని నిషేధించారు? అంటించడాన్నా, రాయడాన్నా? ‘ఈ గోడ మీద పోస్టర్లు అంటించరాదు, రాతలు రాయరాదు’ అని రాయించండి. ‘అతిక్రమించినవారు శిక్షార్హులు’ అంటారా, శిక్షించేది ఎవరో కమిటీకే తెలియకపోతే వదిలేయండి. ఆర్టిస్టుకు కొన్ని అక్షరాల శ్రమ తగ్గుతుంది.

ప్రశ్న: హోర్డింగ్‌కు అచ్చ తెలుగు మాట ఏది? ఫ్లెక్సీ, బ్యానర్, కటౌట్ అన్నీ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు. హోర్డింగ్ అంటే పాతి నిలబెట్టిన చట్రం. ఫ్లెక్సీ దాని మీద బిగించే పీవీసీ షీటు. ఫ్లెక్సీ గాలికి చిరిగిపోయినా హోర్డింగ్ అక్కడే ఉంటుంది. బ్రిటన్‌లో కట్టడం జరిగే చోట చుట్టూ వేసే చెక్క దడిని హోర్డింగ్ అంటారు. ఆ దడి నిండా పోస్టర్లు అంటించడంతో, ప్రకటనల కోసం నిలబెట్టే చట్రానికీ ఆ పేరే వచ్చింది. సరుకు దాచే హోర్డింగ్‌తో దీనికి చుట్టరికం లేదు. బ్యానర్ రెండు కొసలా తాడు కట్టి వేలాడదీసేది. కటౌట్ అంటే మనిషి ఆకారం వెంబడి కోసి నిలబెట్టిన బొమ్మ. ఇప్పుడు దిట్టంగా ఉన్న మనిషినే ‘కటౌట్’ అంటున్నారు!

హోర్డింగ్‌కు అచ్చ తెలుగు వెతకొద్దనే అంటాను. ‘ప్రకటన ఫలకం’ అంటే శిలాఫలకం గుర్తొస్తుంది. ‘గోడపత్రిక’ కూడా నాకు సగమే నచ్చుతుంది. పేపర్లలో పోస్టర్‌ను అలా రాస్తారు గానీ, బడిలో పిల్లలు తమ కథలూ బొమ్మలూ అంటించేది కదా అసలు గోడపత్రిక. ‘కరపత్రం’ మాత్రం చక్కగా కుదిరింది. చేతిలో పెట్టే కాగితం. కరం అంటే పన్ను కూడా, అయినా ఎవరూ పొరబడలేదు.

ప్రశ్న: చాటింపు, దండోరా, టముకు ఇక నిఘంటువులకే పరిమితమా?

జవాబు: చట్టంలో ఇంకా ఉన్నాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 21, రూల్ 54 చూడండి. స్థిరాస్తిని జప్తు చేస్తే ఆ ఉత్తర్వును ఆస్తి దగ్గరే డప్పు కొట్టి గానీ, వాడుకలో ఉన్న వేరే పద్ధతిలో గానీ చాటాలి. నకలును ఆస్తి మీదా, కోర్టు భవనం మీదా బాగా కనబడే చోట అంటించాలి. టముకు వాయిద్యం, చాటింపు పని. ‘ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా’ అన్నది చాటింపు భాషే. గుట్టు దాచలేనివాణ్ణి ఇప్పటికీ ‘ఊరంతా టముకు వేశాడు’ అంటాం.

ప్రశ్న: మా ఆఫీసు తలుపు మీద ‘నోటీసు’ అని పెద్దక్షరాల్లో పెడితే వచ్చినవాళ్లు టెన్షన్ పడుతున్నారు. ఇంకేం రాయాలి?

జవాబు: పడరా మరి, ఇంటికి వచ్చే నోటీసు లాయరు దగ్గర్నుంచో, బ్యాంకు నుంచో కదా! ‘గమనిక’ అనండి. కింద ఉన్న విషయం సెలవు గురించే అయితే అదీ వద్దు. ‘రేపు సెలవు’ అని రాయండి.