కాలి గడ్డ నొప్పి లేకపోతే వదిలేయొచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పెరంబూరులో టైలరింగ్ చేస్తాను. ఎడమ అరికాలి వంపులో, లోపలి వైపు, శనగగింజంత గట్టి గడ్డ చేతికి తగులుతోంది. నాలుగు నెలలైంది. నొప్పి లేదు, మెషీన్ తొక్కేటప్పుడు మాత్రం ఒత్తినట్టుంటుంది. నొప్పే లేనిదానికి డాక్టరెందుకు అంటారు మావారు. గుర్రపు వెంట్రుక కట్టమంటారు మా అత్తయ్య. ఏం చేయమంటారు?

జవాబు: చూపించుకోండి. పరుగెత్తాల్సిన పనిలేదు, రెండు వారాల్లో వెళ్తే చాలు. కాలి గడ్డల విషయంలో నొప్పి కొలబద్ద కాదు. ప్రాణానికేమీ కాని ఆనెకాయ అడుగు వేయనివ్వదు. అదే కండలో పుట్టే క్యాన్సర్ గడ్డ నెలల తరబడి నొప్పి లేకుండానే ఉండొచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి ఎక్కువ అవకాశం ప్లాంటార్ ఫైబ్రోమాకి ఉంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద పట్టీలా సాగే గట్టి పొరలో పుడుతుంది. కాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలు వెనక్కి వంచి చూడండి. పొర బిగిసి గడ్డ ఇంకా తేటగా తేలుతుంది, వేలితో నెడితే పక్కకి జరగదు. ఇది క్యాన్సర్ కాదు. కోయించాలని తొందరపడకండి, గడ్డ వరకే తీస్తే తరచు మళ్లీ వస్తుంది. మెత్తటి ఇన్‌సోల్ వేసి, గడ్డ ఆనేచోట దాన్ని గుంటలా కోయిస్తే చాలామందికి అదే సరిపోతుంది.

గడ్డ మీగాలి మీద ఉండి, కాస్త జరుగుతూ, ఒకసారి పెద్దదై ఒకసారి తగ్గుతూ ఉంటే అది గాంగ్లియన్ కావచ్చు, అంటే కీలు దగ్గర చిక్కటి జిగురు నిండిన తిత్తి. చీకటి గదిలో ఫోన్ టార్చి పక్క నుంచి ఆనిస్తే ఎర్రగా వెలుగుతుంది. వెలగకపోతే గట్టి గడ్డ కావచ్చు, స్కాన్ తప్పనిసరి. వెలిగిందని పూర్తిగా నిశ్చింతపడనూ వద్దు, కొవ్వు గడ్డలు కూడా కొంత వెలుగుతాయి. బరువైన వస్తువుతో కొట్టి పగలగొట్టే పాత పద్ధతి జోలికి మాత్రం పోకండి, పాదంలో సన్న ఎముకలున్నాయి.

డాక్టరును కలిసేలోగా ఒక పని చేయండి. బాల్ పెన్నుతో గడ్డ అంచులు గుర్తుపెట్టి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు ఉంచి ఫోటో తీయండి. స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ళ, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. సాయంత్రానికి కాళ్లు నీరు పడతాయి కాబట్టి ఉదయమే తీయండి. "పెరిగినట్టుందండీ" అనే మాట కంటే ఈ ఫోటోలు డాక్టరుకి ఎక్కువ చెబుతాయి.

వారాల్లోనే పెరగడం, రాత్రిళ్లు సలుపు, వేళ్లు మొద్దుబారడం, పైన చర్మం పుండు పడటం, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, ఒకసారి తీయించిన చోటే మళ్లీ రావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వారం కూడా ఆగొద్దు. అరికాలిలో కొత్తగా వచ్చి అంచులు చెదిరి పాకే నల్లమచ్చ కూడా అంతే, మన రంగు చర్మంలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే చోట్లలో అరికాలు ఒకటి. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డను అనుమానించాలని ఒక లెక్క ఉంది గానీ, అది తొడ లాంటి కండగల చోట్లకి సరిపోయే లెక్క. పాదంలో అంత జాగా ఎక్కడిది? చిన్నదైనా పెరుగుతుంటే పట్టించుకోవాల్సిందే.

చెన్నైలో స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలోనైనా, సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ జనరల్ హాస్పిటల్లోనైనా సర్జరీ లేదా ఎముకల ఓపీకి వెళ్లండి. ముందు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. గట్టి గడ్డ అని తేలి అనుమానం మిగిలితే ఎంఆర్ఐ, ఆ తర్వాతే సూదితో ముక్క తీసి పరీక్ష. ఈ వరస ముఖ్యం. "చిన్నదే కదా, మత్తు సూది వేసి ఇప్పుడే తీసేద్దాం" అని స్కాన్ లేకుండా కోస్తామంటే ఒప్పుకోకండి. తీరా అది సార్కోమా, అంటే పైన చెప్పిన కండలో పుట్టే క్యాన్సర్, అని తేలితే కత్తి తగిలిన మేరంతా మళ్లీ తీయాలి, పాదంలో అంత కండ ఉండదు. ఎక్కడ తీయించినా ముక్కను పాథాలజీకి పంపించి, రిపోర్టు దాచుకోండి.

అత్తయ్యగారి వెంట్రుక సంగతి: అది కాడ ఉన్న పులిపిర్లకి కట్టేది, అక్కడా మంచిది కాదు. చర్మం కోసుకుని చీము పడుతుంది. మీ గడ్డ చర్మం కిందుంది, కట్టడానికి కాడే లేదు.

ప్రశ్న: ఊత్తుకోట దగ్గర పొలం పని చేసే మా నాన్నగారికి ఏడాదిగా మీగాలు ఉబ్బి గడ్డ కట్టింది. చిన్న రంధ్రాలు పడి రసి, నల్లటి ఆవగింజల్లాంటివి వస్తున్నాయి. నొప్పి లేదంటారు. చెప్పులు వేసుకోరు. మెడికల్ షాపు మాత్రలతో తగ్గి మళ్లీ వస్తోంది.

జవాబు: ఈ వారమే చెన్నై తీసుకురండి. ఉబ్బు, రంధ్రాలు, గింజలు మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది మైసిటోమా. 1842లో మదురైలో గుర్తించారు కాబట్టి మదురా ఫుట్ అనే పేరు స్థిరపడింది. ముల్లు గుచ్చుకున్నప్పుడు మట్టిలోని ఫంగసో బాక్టీరియానో లోపలికి చేరి, మెల్లగా ఎముక దాకా తినేస్తుంది. నల్ల గింజలంటే దాదాపుగా ఫంగసే. తెల్లవో పసుపువో అయితే రెండింటిలో ఏదైనా కావచ్చు. బాక్టీరియా అయితే నెలల తరబడి యాంటీబయాటిక్స్‌తో లొంగుతుంది. ఫంగస్‌కి ఆ మాత్రలు పనిచేయవు, వేరే మందు చాలాకాలం వాడి, తరచు ఆపరేషన్ కూడా చేయాల్సి వస్తుంది. అందుకే ఏదో తేలకుండా మందు మొదలుపెట్టకూడదు. షాపు మాత్రలు ఇప్పుడే ఆపి, వాడిన స్ట్రిప్పులు వెంట తెండి. గడ్డను పిండొద్దు. కట్టుకి అంటిన గింజలుంటే ఆ గాజుగుడ్డను శుభ్రమైన కవర్లో పెట్టి తీసుకురండి. చర్మవ్యాధుల ఓపీలో చూపించి, ఎక్స్‌రేతో పాటు బయాప్సీ (ముక్క తీసి పరీక్ష), కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి ఏదో తేల్చడం) రెండూ చేస్తారా అని అడగండి, క్షయ వల్ల కూడా ఇలాంటి రంధ్రాలు పడొచ్చు.

ప్రశ్న: పదేళ్లుగా షుగర్. చిటికెనవేలి కింద ఆనెకాయకి కార్న్ క్యాప్ వేయొచ్చా?

జవాబు: వద్దు. అందులో ఉండే శాలిసిలిక్ యాసిడ్‌కి ఆనె చర్మం, మంచి చర్మం తేడా తెలియదు, స్పర్శ తగ్గిన కాలికి కాలినట్టూ తెలియదు. బ్లేడుతో గీయడమూ వద్దు. ఆనె మధ్య నల్లగా రక్తపు మరక కనిపిస్తే కింద పుండు ఉందనే లెక్క, మర్నాటికల్లా చూపించండి. గాయమేమీ లేకుండానే పాదం ఎర్రబడి, వేడిగా, వాచి ఉంటే ఆ కాలు మోపకుండా అదే రోజు వెళ్లండి, లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు.