సెర్బియా చీజ్ గిబానిత్స, బూరెక్: శాకాహారులు తినొచ్చా, మన ఇంట్లో చేసుకోవచ్చా?

మీరు అడిగినవి రెండు. ఆఫీసు పని మీద మూడు నెలలు బెల్‌గ్రేడ్ వెళ్తున్నారు, అక్కడి చీజ్ గిబానిత్స, బూరెక్ (రెండూ పల్చటి పిండి పొరలతో ఓవెన్‌లో కాల్చే వంటకాలు) శాకాహారులు తినొచ్చా? నచ్చితే తిరిగొచ్చాక హైదరాబాద్‌లో చేసుకోవడం కుదురుతుందా? నేను సెర్బియాలోనే నోవిసాద్ అనే ఊళ్లో మూడేళ్లు ఉండి వచ్చాను. గుడ్డు తింటాను, మాంసం ముట్టను. నా అనుభవం చెప్తాను.

గుడ్డు కూడా తినరంటే గిబానిత్స జోలికి వెళ్లకండి. పల్చటి పిండి పొరలను ముంచేదే గుడ్లు, చీజ్ కలిపిన జారులో. గుడ్డుకి అభ్యంతరం లేకపోతే మీ మూడు నెలల టిఫిన్ల టెన్షన్ తీరినట్టే. పేరు చివర 'త్స' ఉంది చూశారా, మనం చాప, చలి అనేటప్పుడు పలికే చకారం అది. ఇంగ్లిష్ వాళ్లు అవస్థ పడతారు గానీ మనకి ఇట్టే వచ్చేస్తుంది.

బూరెక్ వేరు, పొరల మధ్య చీజో మాంసమో పెడతారు. అది ఇంట్లో కన్నా బేకరీలో ఎక్కువ తింటారు. బేకరీని పెకారా అంటారు, ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది. పెద్ద గుండ్రటి పళ్లెంలో కాల్చి, నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని మళ్లీ చిన్న ముక్కలుగా తరిగి కాగితంలో పెట్టిస్తారు. పక్కన తాగే పెరుగు తప్పనిసరి. వెళ్లిన మొదటి వారం అమ్మకి ఫోన్ చేసి పొద్దున బూరెక్ తిన్నానంటే, "అక్కడ కూడా బూరెలున్నాయా, పూర్ణం ఏం పెడతారు?" అంది. చీజ్ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొనేటప్పుడు "సా సీరొమ్" అనండి, చీజ్‌తో అని అర్థం. "సా మేసొమ్" అంటే మాంసంతో. వారాంతంలో బోస్నియా వెళ్తే మాత్రం జాగ్రత్త, అక్కడ ఉత్తి బూరెక్ అంటే మాంసందే. చీజ్ పెట్టినదాన్ని సీర్నిత్స అంటారు. ఈ పేర్ల మీద రెండు దేశాల వాళ్లూ తగువుకి దిగితే ఒక పట్టాన ఆపరు.

ఇక నాకు తగిలిన దెబ్బ. మా సందు చివరి బేకరీలో రెండు నెలలు రోజూ చీజ్ బూరెక్ తిన్నాను. ఒకరోజు కొలీగ్ మామూలుగా అన్నాడు, అక్కడ పిండి సాగదీయడానికి పంది కొవ్వు వాడతారు, అందుకే అంత రుచి అని. ఆ పూట ఇంక అన్నం సహించలేదు. అన్ని చోట్లా అలా కాదు, నూనె వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. "ఇమా లి స్వీన్స్కే మాస్తి?" అని ముందే అడగండి, పంది కొవ్వు ఉందా అని. ఏమీ అనుకోరు. ఇంకో మాట, "పోస్నో" అని బోర్డు చూసి మురిసిపోకండి. అది వాళ్ల ఉపవాసపు తిండి. మాంసం, పాలు, గుడ్లు ఉండవు గానీ చేప ఉండొచ్చు. బంగాళదుంప, గుమ్మడి పెట్టిన పోస్నో పీతా (ఇలాంటి పిండి పొరల వంటకమే) దొరికితే మాత్రం కళ్లు మూసుకుని తినొచ్చు.

అసలు గిబానిత్స రుచి తెలియాలంటే ఎవరి ఇంటికైనా వెళ్లాలి. అక్కడ ఆర్థడాక్స్ క్రైస్తవుల ఇళ్లలో ఇంటికో సెయింట్ ఉంటాడు, మన ఇలవేల్పులాగా. తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు. ఏడాదికోసారి ఆయన పండగ చేస్తారు, దాని పేరు స్లావా. 2014లో యునెస్కో జాబితాకి కూడా ఎక్కింది. ప్రత్యేకంగా పిలుపులేమీ ఉండవు, తెలిసినవాళ్లు వచ్చేస్తారు. గుమ్మంలోనే ఉడికించిన తియ్యటి గోధుమలు ఒక చెంచా నోట్లో వేసుకోవాలి. మా ఇంటి ఓనరమ్మ వాళ్లది నవంబర్ 21, అంటే బల్ల నిండా గిబానిత్సే. ఆ ఆశతో డిసెంబర్ 19న సెయింట్ నికొలస్ రోజున కొలీగ్ ఇంటికి వెళ్తే అన్నీ చేపలే! క్రిస్మస్ ముందు ఉపవాసాలట. బ్రెడ్డు, ఊరగాయలు తిని వచ్చాను.

ఓనరమ్మకి డెబ్బై దాటాయి. తేతా అని పిలిచేవాణ్ణి, అంటే అత్తయ్య అనో పిన్ని అనో. చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. 'కోరె' అని పల్చటి పిండి పొరలు అరకిలో ప్యాకెట్లలో దొరుకుతాయి. మొదటిసారి వాటిని దుప్పటి పరిచినట్టు ఎక్కడా ముడత పడకుండా ట్రేలో వేస్తున్నాను. ఆవిడ నా చేతిలోంచి ఒక పొర లాక్కుని, పాత గుడ్డ నలిపినట్టు నలిపి, గుడ్డు జారులో ముంచి ట్రేలోకి విసిరింది. "గుజ్వాయ్, సీనే, గుజ్వాయ్!" నలుపు నాయనా, నలుపు. ఈ రకానికి గుజ్వారా అన్న పేరు వచ్చింది అందుకేనట. ఆ ముడతల్లోనే జారు నిలుస్తుంది, గాలి ఆడుతుంది. నున్నగా పరిస్తే అడుగున అట్టలా గట్టిపడిపోతుంది. అందంగా చేస్తే పాడయ్యే వంటకం నేను చూసింది ఇదొక్కటే.

రుచికి అసలు మూలం కైమాక్. పాలు కాచి, పైన కట్టిన మీగడ తీసి, ఉప్పు చల్లుతూ పొర మీద పొర వేసి నిలవ ఉంచుతారు. మన మీగడకి ఉప్పేసి పులియబెట్టినట్టు ఉంటుంది. భాషా పండితుడు వూక్ కరాజిచ్ 1818లో వేసిన సెర్బియన్ నిఘంటువులో గిబానిత్సకి ఇచ్చిన అర్థంలో కూడా చీజ్, పాలు, గుడ్లతో పాటు కైమాక్ ఉంది. కైమాక్ లేనిది గిబానిత్సే కాదని తేతా వాదన. నేనూ ఆవిడ వైపే.

హైదరాబాద్‌లో నేను చేసే పద్ధతి ఇది. పెద్ద సూపర్‌మార్కెట్లలో ఫ్రీజర్‌లో ఫిలో షీట్లు దొరుకుతాయి, ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కిందికి మార్చుకోండి. సమోసా పట్టీలు మందం, పనికిరావు. పూతరేకుల రేకులతో చేద్దామని మా చెల్లి సలహా ఇచ్చింది, చేశాం కూడా. గుడ్డు జారు తగలగానే గంజి అయిపోయింది. అరకిలో షీట్లకి ఐదు గుడ్లు, నాలుగు వందల గ్రాముల పనీర్, గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు ఒక కప్పు. ఉత్తి పనీర్ వేస్తే ఇసకలా పొడిపొడిగా ఉంటుంది, పెరుగుతోనే ఆ పులుపూ మెత్తదనమూ వస్తాయి. కైమాక్ బదులు గేదె పాల మీగడ పావు కప్పు, ఉప్పేసి. నూనె ముప్పావు కప్పు. ఇవన్నీ కలిపాక చివర్లో ఒక గ్లాసు ప్లెయిన్ సోడా పోయాలి, జారు సిద్ధం. అక్కడ గ్యాస్ ఉన్న మినరల్ వాటర్ పోస్తారు, పొంగేది ఆ గ్యాస్ వల్లే.

ట్రేకి నూనె రాసి, అడుగున మూడు షీట్లు అంచులు బయటికి వేలాడేలా వేయండి. పైకి మూడు తీసి పక్కన పెట్టుకోండి. మిగతావన్నీ నలిపి, ముంచి, పక్కపక్కన పేర్చండి. జారు మిగిలితే పైన పోసేయండి, అంచులు లోపలికి మడిచి, దాచిన షీట్లు కప్పి, నూనె రాయండి. ఓవెన్‌లో 200 డిగ్రీల్లో నలభై, నలభై ఐదు నిమిషాలు. బయటికి తీశాక పావుగంట నూలు గుడ్డ కప్పి ఉంచాలి, లేకపోతే పై పొర అప్పడంలా విరిగిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే మూల ముక్కల కోసం కొట్లాట ఖాయం, కరకరలాడేవి అవే.

మిగిలింది మైక్రోవేవ్‌లో పెట్టకండి, సాగిపోతుంది. పెనం మీద మూత పెట్టి సన్న సెగన ఐదు నిమిషాలు చాలు. పక్కన ఉప్పెయ్యకుండా చిక్కగా చిలికిన పెరుగు ఒక గ్లాసు పెట్టుకోండి. ఆవకాయ కూడా బాగుంటుంది, తేతాకి ఈ మాట చెప్పలేదనుకోండి.