ట్రాక్టర్‌కి రోప్స్ ఫ్రేమ్ నిజంగా అవసరమా? బెల్టు పెట్టుకుంటే దూకేదెలా?

మీ నాన్నగారు 45 హెచ్‌పీ ట్రాక్టర్ కొంటున్నారు. డీలర్ రోప్స్ ఫ్రేమ్ (బండి బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే ఉక్కు చట్రం), సీటు బెల్టు ఉన్న మోడల్ తీసుకోమంటున్నాడు. ఆ డబ్బు మిగిల్చి ఊళ్ళో వెల్డింగ్ షాపులో పైపులతో టాప్ చేయించుకుంటే చాలదా అని మీరు అడిగారు. బెల్టు పెట్టుకుంటే తిరగబడినప్పుడు దూకలేం కదా అన్నది నాన్నగారి అనుమానం.

ముందు దూకడం గురించి చెబుతాను. మా బాబాయి కూడా ఇదే మాట అనేవాడు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2011లో సార్వా నాట్ల ముందు దమ్ము చేస్తుంటే ఆయన ట్రాక్టర్ వెనక చక్రాలు దిగబడిపోయాయి. మా వైపు చాలామంది చేసే పనే ఆయనా చేశాడు. రెండు చక్రాలకీ అడ్డంగా తుమ్మ దుంగ పెట్టి గొలుసుతో బిగించి, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాడు. నేను గట్టు మీద ఉన్నాను. ముందు చక్రాలు నీళ్ళలోంచి పైకి లేవడం చూసి ‘బాబాయ్’ అని అరవబోయాను. ఆ పిలుపు నోట్లో ఉండగానే బండి వెనక్కి తిరగబడిపోయింది. ఇరవై ఏళ్ళు ట్రాక్టర్ నడిపిన మనిషి. పారలతో బురద తవ్వి బయటికి తీసేసరికి ఆయన చెయ్యి ఇంకా స్టీరింగ్‌ని పట్టుకునే ఉంది. ప్రాణం మాత్రం లేదు.

అలా ఎందుకైందో నాకు మూడేళ్ళ తర్వాత అర్థమైంది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల సంస్థలో శిక్షణకి వెళ్ళినప్పుడు. వెనక చక్రం కదలకుండా అడ్డుపడితే ఇంజన్ బలం ఊరుకోదు, బండినే ఇరుసు చుట్టూ తిప్పేస్తుంది. ముందు భాగం లేచాక ముప్పావు సెకనులోనే ఇక క్లచ్ తొక్కినా ఆగని స్థితి వస్తుంది. ఒకటిన్నర సెకనులో బండి తలకిందులవుతుంది. మనకి సంగతి తెలిసి, కాలు క్లచ్ మీదకి వెళ్ళేలోపే అయిపోతుంది. పక్కకి ఒరిగినప్పుడు దూకినవాళ్ళ మీదకే చాలాసార్లు బండి వచ్చి పడుతుంది. నాన్నగారికి దయచేసి ఈ లెక్క చెప్పండి.

రోప్స్ ఫ్రేమ్ అంటే సీటు వెనకో చుట్టూనో, ఇరుసు హౌసింగ్‌కి గట్టి బోల్టులతో బిగించే ఉక్కు చట్రం. బండి బోల్తా పడినా డ్రైవర్ కూర్చునేంత చోటు నలగకుండా మిగల్చడం దాని పని. బెల్టు మనిషిని ఆ చోటులోనే ఉంచుతుంది. బెల్టు లేకపోతే విసిరేసినట్టు బయటపడి, ఒక్కోసారి ఆ ఫ్రేమ్ కిందే నలిగిపోతాం. ఫ్రేమ్ లేని బండికి మాత్రం బెల్టు పెట్టుకోకూడదు. ఈ రెండూ జంట, ఒకటి లేకుండా రెండోది వద్దు.

స్వీడన్‌లో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకి ఇది తప్పనిసరి చేశారు, తర్వాత పాతవాటికీ పెట్టించారు. అక్కడ ట్రాక్టర్ బోల్తా పడి చనిపోయేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు.

ఇక వెల్డింగ్ షాపు సంగతి. ఎండకి వేసుకునే టాప్‌ని చూసి అదే కాపాడుతుందని మనవాళ్ళు అనుకుంటారు. రెండు టన్నుల బండి బరువు పడితే ఆ పైపులు మడతపడతాయి, లేదా బోల్టుల దగ్గర ఊడొస్తాయి. అసలు ఫ్రేమ్ కొంచెం వంగి దెబ్బని తనలోకి తీసుకునేలా ఉండాలి, కానీ డ్రైవర్ చోటులోకి రాకూడదు. దాన్ని ఐఎస్ 11821 అనే భారత ప్రమాణం ప్రకారం పరీక్షించి చూస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీని పాత బండి కోసం అడిగితే, ‘ట్రాలీ చేయమంటే చేస్తా, ఇది మాత్రం నా చేత చేయించకండి’ అన్నాడు. అతని మీద నాకు గౌరవం పెరిగింది. కంపెనీ ఫ్రేమ్‌కి కూడా కొత్త రంధ్రాలు వేయించకండి, వెల్డింగ్ పెట్టించకండి. ఒకసారి బోల్తా పడిన ఫ్రేమ్‌ని మార్చేయాల్సిందే.

నా బండికి మడిచే ఫ్రేమ్ ఉంది. నిమ్మ తోటలో కొమ్మలు తగులుతాయని మడుస్తాను. మడిచినప్పుడు బెల్టు తీసేస్తాను. తోట గేటు దాటగానే దిగి, ఫ్రేమ్ లేపి, పిన్ను పెట్టి, బెల్టు పెట్టుకున్నాకే రోడ్డెక్కుతాను. మొదట్లో విసుగనిపించింది, ఇప్పుడు అలవాటైపోయింది.

ఫ్రేమ్ ఉన్నా ఈ జాగ్రత్తలు తప్పవు. దిగబడితే దుంగ కట్టొద్దు. రివర్స్‌లో రాకపోతే ఇంకో బండితో లాగించండి. లాగే గొలుసుని బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్) తగిలించాలి, ఇరుసుకో, పనిముట్లు బిగించే పై కడ్డీకో (టాప్ లింక్) తగిలిస్తే మళ్ళీ అదే ప్రమాదం. కాలువ కట్ట మీద, కాలువ ఎంత లోతు ఉందో అంచుకి కనీసం అంత దూరంలో నడపాలి. కొమ్మమూరు కాలువ కట్టలు వానకి నాని ఎలా జారతాయో మావైపు వాళ్ళకి తెలుసు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్ళనీ కలిపి లాక్ వేయాలి. లేకపోతే స్పీడులో ఒక చక్రానికే బ్రేకు పడి బండి పక్కకి తిరుగుతుంది.

చివర్లో మీరు రాసిన మాట, మీ బాబుని తాతయ్య మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పుతారని. ఫ్రేమ్ కాపాడేది సీట్లో బెల్టు పెట్టుకున్న ఒక్కరినే. మడ్‌గార్డు మీద ఉన్న పిల్లాడికి అది ఏమీ చేయలేదు. బాబు ఏడిస్తే ఏడవనివ్వండి, బండి ఆపి ఇంజన్ కట్టేశాక సీట్లో కూర్చోబెట్టి హారన్ కొట్టించండి.